రెండు గేజుల గుండె

మా బావకు ప్రపంచంల అర్థం కాని వస్తువు లేదు. ఎందుకంటే ప్రతి వస్తువును ఆయన డ్రిప్పు ఫిల్టరు లెక్కనే అర్థం చేసుకుంటడు.

తిరుమలగిరి దిక్కు ఆయనకు బత్తాయి తోట ఉన్నది. బోరు పక్కన ఒక ఫిల్టరు, ఫిల్టరుకు ముందు నీళ్ళ జోరు చూపెట్టే గేజొకటి, వెనక ఇంకొకటి. చుట్టుపక్కల ఊర్లల్ల గేజులన్ని పగిలి, ముండ్లు విరిగి, అద్దాల వెనక బల్లులు కాపురాలు పెట్టి మనుమలను ఎత్తిన కాలంల కూడ మా బావ గేజులు రెండూ పెండ్లికొడుకు చేతి గడియారం లెక్క మెరిసేటియి. ముందు గేజు ఎంత చూపెడుతున్నది, వెనక గేజు ఎంత చూపెడుతున్నది, రెంటికి నడుమ తేడా ఎంత? ఇంతే ఆయన వేదాంతం. తేడా తక్కువుంటే లోపలి వడపోత జాలి సాఫుగున్నట్టు, చెట్లకు నీళ్ళు పోతున్నట్టు. తేడా పెరిగిందంటే జాలికి నాచు పట్టి నీళ్ళు అడ్డంపడ్డట్టు. సర్పంచు ఎన్నికలకైనా, ఆయన ఇంటిదైన మా చెల్లె కోపానికైనా ఆయనకు ఇదే కొలత.

ఇగ నా సంగతి. మోత్కూర్ల నాకు ఫ్లెక్సీల దుకాణం. గోరంత ఫోటోను ఇరవై అడుగుల కటౌట్ చేసుడు నా బతుకుదెరువు. కాబట్టి నేను చెప్పే మాటలను కూడ అదే కొలతతోటి కుదించుకొని చదువుకొండ్రి. మా మేనకోడలి గుండె గురించి చెప్పిన మాటలను మాత్రం కుదించొద్దు. అది అప్పటికే పిడికిలంత కూడ లేదు.

తెలంగాణ వచ్చినంక కొన్నేండ్లకు, మా చెల్లెకు లేక లేక పుట్టిన ఆడపిల్ల అది. రెండో నెల దాటినంక పాలు తాగుడును ఒక కూలిపని లెక్క చెయ్యబట్టింది. రెండు గుక్కలు తాగుడు, జరసేపు రొప్పుడు, మళ్ళ రెండు గుక్కలు. ఆ రెండు గుక్కలకే తలంత చెమటతోటి తడిసేది. గోదాలకు దిగిన పైల్వాన్‌కు కూడ అంత చెమట పట్టదు. తూకం మాత్రం పెరుగకపాయె. మోత్కూర్ల పిల్లల డాక్టరు ఛాతి మీద చెవులగొట్టం పెట్టి చానాసేపు విని, "లోపల ఒక శబ్దం వస్తాంది. నల్లగొండకు పోయి గుండె స్కాన్ తీపియ్యండ్రి" అన్నడు.

నల్లగొండల ఒక ప్రైవేటు దవాఖానకు హైదరాబాద్ నుంచి వారం వారం పిల్లల గుండె డాక్టరమ్మ వచ్చేది. పుట్టింది పాలమూరు దిక్కు. ఎంత పెద్ద చదువు చదివినా మాట మాత్రం జొన్నరొట్టె విరిచినట్టు విరిచి పెట్టేది. చెల్లె, బావ, బావ వాళ్ళ అమ్మ, నేను, అందరం ఆ చీకటి గదిలకు జొరబడ్డం. ఏసీ ఎంత చల్లగున్నదంటే, ఇంకో ఘడియ ఉంటే నన్ను ముక్కలు కోసి సర్బత్తుల వేసుకోవచ్చు. బిడ్డకు నిద్రమందు తాగిచ్చి, ఛాతికి జిగురు పూసి, డాక్టరమ్మ చేతిల ఉన్న చిన్న మిషనును పక్కటెముకల మీద జరుపబట్టింది.

తెర మీద బొమ్మ వచ్చింది. వృత్తిధర్మంగ చెప్తున్న, ఆ బొమ్మ చూసి నా పాణం ఉసూరుమన్నది. గంత మసక బొమ్మ పట్టుకొని ఎవడన్న నా దుకాణానికొస్తే పుట్టినరోజు ఫ్లెక్సీ కూడ కొట్టను, వాపసు పంపుత. దుమ్ములేసిన సందెల నాలుగు గదుల ఇల్లు ఒకటి మూసుకుంట తెరుసుకుంట ఉన్నట్టున్నది. అంతల డాక్టరమ్మ ఏదో మీట నొక్కంగనే ఆ ఇంట్ల ఎర్ర రంగు, నీలి రంగు మంటలు లేచినయి.

చెల్లె అత్త గుండెలు బాదుకున్నది. "అయ్యో బిడ్డా, నీలం రక్తం! లోపల విషం తిరుగుతాంది!"

"విషం కాదు అవ్వా" అన్నది డాక్టరమ్మ తల తిప్పకుండనే. "ఎరుపంటే మంచిది కాదు, నీలమంటే చెడ్డది కాదు. నా చేతిల మిషను దిక్కు వచ్చే రక్తానికి ఎర్రరంగు. అవతలికి పోయే దానికి నీలిరంగు. బస్టాండుకొచ్చే బస్సులు, బస్టాండు నుంచి పోయే బస్సులు. గంతే."

రంగుకు కులం, మతం, పార్టీ, ఆఖరికి పెండ్లిపిల్ల తరపా పిల్లగాని తరపా అన్న పట్టింపు ఉన్న బజార్ల బతికినోన్ని నేను. దిక్కు తప్ప ఇంకే అర్థం లేని రంగును మొదటిసారి అక్కడనే చూసిన. రెండు రంగులు నడిమి గోడ దగ్గర కలిసి, పసుపు, పచ్చ సుడులు తిరుగుతున్న ఒక చోట డాక్టరమ్మ చెయ్యి ఆగింది.

"రెండున్నయి" అన్నది. "ఒకటి, పైన మీది గదుల నడుమ చిన్న సందు. పుట్టిన పిల్లలల్ల చానామందికి ఉండేదే, దాన్ని మర్చిపోండ్రి. రెండోది, కింది గదుల నడిమి గోడకు రంధ్రం. ఇది పెద్దది. ఎడమ గదిల జోరెక్కువ. అందుకే ప్రతి దెబ్బకు కొంత రక్తం ఈ రంధ్రంల నుంచి కుడి దిక్కు దుంకి, మళ్ళ ఊపిరితిత్తులకే పోతాంది. అయి తట్టుకోలేనంత పోతాంది. అందుకే రొప్పుడు, చెమట. తిరిగొచ్చిన ఎక్కువ రక్తానికి ఎడమ గదులు కూడ సాగినయి. రెండు కింది గదుల నడుమ ప్రెషర్ తేడా చూస్తే బాగ తక్కువుంది, ముప్పై కూడ లేదు…"

బావ మొఖం వెలిగింది. తేడా తక్కువ!

ఎందుకు తక్కువుందో, తక్కువుంటే ఏమైతదో కూడ డాక్టరమ్మ చెప్పింది. కాని అప్పటికే బావ చెవులు తోటకు పోయినయి. అత్త దేవుండ్లను వరుసగ పిలుస్తాంది. చెల్లె బిడ్డ ఒంటి మీది జిగురు తుడుస్తాంది. నేను తెర మసకను చూసి ఇంకా బాధపడుతున్న. చెవిన పడ్డది ఆఖరి ముక్క ఒక్కటే: చుక్కల మందు వాడాలె, కొంచెం కొంచెంగ పాలు పట్టాలె, కొన్ని నెలలైనంక మళ్ళ స్కాన్. రంధ్రం తగ్గితే సరే. తగ్గకపోతే ఏడాది నిండకముందే ఛాతి తెరిచి కుట్టాలె.

ఛాతి తెరుసుడు అన్న మాట మీద చెల్లె చెయ్యి ఆగింది. ఆ తర్వాత జిగురు లేని చోట కూడ తుడిచింది.

బావ మాత్రం ఊరంత తిరిగి బత్తాయిలు పంచిండు. "తేడా తక్కువుందట! జాలి సాఫుగున్నదట! మందుకే తక్కువైతది."

"డాక్టరమ్మ మొఖం జూడలేదా నువ్వు?" అన్నది చెల్లె.

"మొఖం ఏం జూస్తవే, గేజు జూడాలె గాని."

ఇంట్ల రెండు వాదాలు నడిచినయి. మర్చిపొమ్మన్న దాన్ని మర్చిపోయే వంశం కాదు గద మాది, మొదటి వాదమంత ఆ చిన్న సందు మీదనే. "పెద్ద దొంగను అందరు కనిపెట్టుకుంటరు, కొంప ముంచేది చిన్న దొంగనే" అన్నది అత్త. రెండో వాదం అసలు ఈ రంధ్రం ఎవరు పొడిచిన్రు అని. అత్త లెక్కల నేరం మా చెల్లెది. కడుపుతోటి ఉన్నప్పుడు గ్రహణం నాడు సొరకాయ కోసిందట, ఆ కత్తి గాటు పోయి బిడ్డ గుండెకు తగిలిందట.

"ఆ గ్రహణం మన దేశంల కనబడనే లేదు అత్తా! పేపర్ల గూడ రాసిన్రు" అన్న నేను.

"మనకు అది కనబడకపోతేంది, దానికి మనం కనబడమా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగే శాస్త్రవేత్త ఇంకా పుట్టలేదు. చెల్లె లేచి లోపలికి పోయి చుక్కల మందు కొలిచింది. ఆ నెలలన్ని ఆమె గట్లనే జవాబులిచ్చింది. గిన్నెల కొంచెం పాలు, జరసేపు భుజం మీద, మళ్ళ కొంచెం పాలు. దినమంత అదే కొలువు. బిడ్డ మెల్లగ బుగ్గలు పట్టింది. చెల్లె మొదట ఎవ్వరికి చెప్పలేదు. దిష్టి తగులుతదని కాదు, మేము దానికి కూడ ఒక వాదం పెట్టుకుంటమని.

మళ్ళ స్కాన్ గడువు దగ్గరపడ్డది. ముందుగాల మోత్కూర్ల డాక్టరుకు చూపిస్తే ఆయన విని, కండ్లు చిన్నగ చేసి, "శబ్దం మునుపటికంటె గట్టిగుంది. నల్లగొండకు పోండ్రి" అన్నడు. ఆయన భయపెట్టేతందుకు అనలేదు. కాని గట్టిగ వినబడే ఏ శబ్దమూ మా ఇండ్లల్ల శుభవార్త తెచ్చిన చరిత్ర లేదు.

శనివారం నల్లగొండల ఒక చిన్న డాక్టరు స్కాన్ చేసిండు. పెద్ద డాక్టరమ్మ తలుపుల నుంచి తొంగి చూసి, తెర దిక్కు తలకాయ ఊపింది. అదే గడియకు ఎవరిదో పసిబిడ్డ నీలిగ మారిందని నర్సు ఉరికొచ్చింది. డాక్టరమ్మ ఉరుక్కుంటనే, "సోమవారం నేను ఇక్కడనే ఉంట. రండ్రి, నిమ్మలంగ మాట్లాడుదాం" అని పోయింది.

నిమ్మలంగ మాట్లాడుదాం! డాక్టర్లు ఆ మాట అనొద్దని ఒక చట్టం తేవాలె. కసిరితే బతుకుతమని మా దిక్కు నమ్మకం. నిమ్మలంగ అంటే దూరపు చుట్టాలకు ఫోన్లు చెయ్యబడతం.

బావ చిన్న డాక్టరు ఎంబడి పడ్డడు. "ఒక్క మాట సారూ. రెండు గదుల నడుమ తేడా ఎంతుంది?"

"డెబ్బై దగ్గరుంది. మిగిలింది మేడమ్ చెప్తరు."

బావ వచ్చి నా కార్ల కూసున్నడు. చెల్లె వెనక సీట్ల బిడ్డను పండబెట్టుకున్నది. నల్లగొండ దాటేదాక బావ నోరు ఇప్పలే. నోరు మూసిన మా బావ నేను చూసిన వింతలల్ల ఒకటి, తాజ్‌మహల్ తర్వాత రాస్కోవచ్చు.

"బావా," అని నన్ను పిలిచిండు ఆఖరికి, "తేడా పెరిగింది."

"పెరిగితే?"

"జాలి మూసుకపోతాంది. ఇగ మోటరు మీద పడ్తది భారం."

వెనక నుంచి చెల్లె అడిగింది. "అంటే, తెరుస్తరా?"

నేను గేరు మార్చిన. గంతే, తీర్పయింది. డాక్టరు లేడు, కాగితం లేదు, ఒక్క నంబరు, ఒక ఫిల్టరు.

ఇంటికి చేరంగనే అత్త ఆజ్ఞ వేసింది. పుట్టెంట్రుకలు ఇంకా తియ్యలేదు, అయి ఇంటి దేవుడు మల్లన్న సొమ్ము. దేవుని కత్తి తగులకముందే డాక్టరు కత్తి తగిలితే ఎట్ల? ఆపరేషన్ అయినంక పుండు మీద పిల్లను గుట్ట ఎక్కిస్తరా? గుట్టకు పోయే టైము లేదు, రేపే ఇంటి కాడనే తియ్యాలె. ఆదివారం పొద్దుగాలకు మంగలి వచ్చిండు, కోతకు యాట వచ్చింది, ఫోన్ల మీద చుట్టాలొచ్చిన్రు. మేనమామ ఒళ్ళె కూసోవెట్టి తియ్యాలె గనుక సింహాసనం నాది. నా తెల్ల అంగీ మీద బిడ్డ రెండుసార్లు తన అభిప్రాయం పోసింది. పుట్టెంట్రుకలకు వచ్చినోళ్ళు నవ్వాలె, మావోళ్ళు పరామర్శ మొఖాలు పెట్టుకొని వచ్చిన్రు. మటన్ మాత్రం ఎవరూ తక్కువ తినలేదు. ఒకాయన బొక్క చీకుకుంటనే నన్ను అడిగిండు. "పాణం గట్టిదేనా పిల్లది?" పిల్ల అప్పుడు ఆయన మీసం గుంజుతాంది.

బావ ఆ జనంల లేడు. చూస్తే తోట కాడ ఫిల్టరు ఇప్పి, జాలిని పండ్లు తోమినట్టు బ్రష్షుతోటి తోముతున్నడు. అది అప్పటికే తళతళ మెరుస్తాంది.

"గిది ఇప్పచ్చు, కడుగచ్చు" అన్నడు నన్ను చూసి. నేను కూడ ఒక బ్రష్షు తీస్కొని పక్కన కూసున్న. అవసరం లేని పని ఇద్దరు చేస్తే జర ఇజ్జతుగ ఉంటది.

ఇంటికొస్తే చెల్లె వెనక అర్రల కుట్టుమిషను ముందట ఉన్నది. వాడకట్టుల ఎవరో చెప్పిన్రట, ఛాతి ఆపరేషన్ అయిన పిల్లలకు తల మీదికెల్లి బట్టలు తొడుగొద్దని, ముందర గుండీలుండాలని. బిడ్డ ఫ్రాకులన్ని కుప్ప పోసి, ఒక్కొక్కదాన్ని మెడ నుంచి కిందిదాక కత్తిరించి, అంచు మలిచి గుండీలు కుడుతాంది. ఒక ఫ్రాకు మీద ముందర చిలుక బొమ్మ ఉండే. కత్తెర దాని నడిమిట్లకెల్లి పోయింది.

"సక్కగ వచ్చిందా అన్నా?" అని లేపి చూపెట్టింది.

సక్కగనే వచ్చిందన్న. గుండీలు పెడితే చిలుక మళ్ళ ఒకటైతాంది.

సోమవారం డాక్టరమ్మ ముందర చెల్లె, బావ, నేను కూసున్నం. బిడ్డ గుండు మీద పసుపు ఇంకా ఆరలే. డాక్టరమ్మ ఆ గుండు దిక్కు చూసి, "అరే, మొన్న జుట్టుండె గద. ఎప్పుడు తీపిచ్చిన్రు?" అన్నది.

"నిన్న మేడమ్."

"గంత జల్దేముండె?"

"ఆపరేషన్ ఉన్నది గదా" అన్నది చెల్లె.

"ఎవరు చెప్పిన్రు ఆపరేషన్ అని?"

చెల్లె బావను చూసింది. నేను బావను చూసిన. బిడ్డకు ఏమర్థమైందో, అది కూడ వాళ్ళ నాయిననే చూసింది. బావ గొంతు సవరించుకొని, బోరు కాడికెల్లి మొదలుపెట్టి, ముందు గేజు, వెనక గేజు, జాలి, నాచు, అన్ని చెప్పి, "ఫస్టుసారి ముప్పై లోపుండె, ఇప్పుడు డెబ్బై అయింది. మూసుకపోతున్నట్టే గద మేడమ్?" అన్నడు.

డాక్టరమ్మ నవ్వుతదనుకున్న. నవ్వలే. కలం పక్కన పెట్టింది.

"నువ్వు చదివింది కరెక్టే. మూసుకపోతాంది. కాని అన్నా, నీ ఫిల్టర్లకెల్లి నీళ్ళు పోవాలె, మూసుకపోతే నీకు నష్టం. ఈ గోడలకెల్లి రక్తం పోనేవొద్దు. మూసుకపోతే నీ బిడ్డకు లాభం. అది జాలి కాదు, గండి."

బావ కుర్చీ అంచుకు జరిగిండు.

"రెండు మడుల నడిమి ఒడ్డుకు పెద్ద గండి పడితే ఏమైతది?" అన్నది డాక్టరమ్మ.

"రెండు మడుల నీళ్ళు ఒక్క మట్టానికొస్తయి" అన్నడు బావ.

"చప్పుడు వస్తదా?"

"ఎక్కువ రాదు."

"అదే చిన్న బొక్క ఉంటే?"

"సుయ్యిమని ఎగజిమ్ముతది." ఆ మాట అని బావ ఆగిపోయిండు.

"గందుకే ఇప్పుడు శబ్దం పెరిగింది, తేడా పెరిగింది. రంధ్రం పక్కనున్న కవాటం పొర వచ్చి అంచుకు అతుక్కుంటాంది. సాగిన గదులు మళ్ళ చిన్నగైనయి. ఊపిరితిత్తుల మీద జోరు తగ్గింది. బిడ్డ తూకం పెరిగింది. ఒక్క నంబరు పట్టుకొని తీర్పు చెప్పొద్దు, ఇవన్ని కలిపి చూస్తెనే లెక్క. ఇప్పుడు ఆపరేషన్ మాట లేదు. మందు కూడ తగ్గిస్తున్న. కాని పూర్తిగ మూసుకపోలేదు, ఇంకో కవాటం లీకు గాకుండ కనిపెట్టుకోవాలె. గడువుకు స్కాన్‌కు రావాలె. మీది గదుల చిన్న సందు ఎప్పుడో మూసుకపోయింది. దాన్ని మర్చిపొమ్మన్న గదా?"

"మర్చిపోయినం మేడమ్" అన్న నేను. ఇంత పెద్ద అబద్ధం ఫ్లెక్సీ మీద కూడ ఎన్నడూ కొట్టలే.

చెల్లె కొంగు మొఖానికి అడ్డం పెట్టుకున్నది. ఏడుస్తాందో నవ్వుతాందో కనబడకుండ బిడ్డ ఆ కొంగును కూడ గుంజుతాంది. బావ మాత్రం ఇంకా మడి ఒడ్డు మీదనే ఉన్నడు.

"మేడమ్, అయితే… ఫస్టుసారి తేడా తక్కువున్నప్పుడు…"

"అప్పుడే ఎక్కువ ఫికరుండె. నాకు భయమున్నది అప్పుడే."

బావ చేతులు ఒళ్ళె పెట్టుకొని చూసుకున్నడు. ఆ చేతులతోటే బత్తాయిలు పంచింది. నాకు ఒక మాట నోటిదాక వచ్చింది, చానా మంచి జోకు, కాని అనలే.

డాక్టరమ్మ బిడ్డను బల్ల మీద పండబెట్టి ఒకసారి విన్నది. తర్వాత ఆ గొట్టం తీసి బావ చేతికిచ్చింది. "ఇగ చూడు, నువ్వన్న సుయ్యి ఇదే."

బావ చెవులకు పెట్టుకున్నడు. కదలలే. మోటరు సప్పుడు విని ఏ బేరింగు పోయిందో చెప్పే మనిషి, నోరు తెరుచుకొని వంగి నిలబడ్డడు. తలుపు అవతల నర్సు ఇంకో నంబరు పిలిచింది. ఎవరో, "లోపట కాపురం పెట్టిన్రా ఏంది?" అంటున్నరు.

"ఇయ్యి, జర నాకియ్యి" అని చెల్లె గుంజుకున్నది. చెవులల్ల పెట్టుకొని కండ్లు మూసింది. జరసేపటికి తెరిచి డాక్టరమ్మను అడిగింది.

"గింత గట్టిగనా?"

"గింత గట్టిగనే ఉండాలె, ఇప్పుడైతే. ఏనాడన్న వినబడకపోతే, బాగైందని మీకు మీరే అనుకొని ఇంట్ల కూసోవద్దు. ఎందుకు వినబడ్తలేదో చూసి చెప్పేతందుకు నేనున్న."

చెల్లె తలకాయ ఊపింది. అవతల నర్సు ఆ నంబరును మళ్ళొకసారి పిలిచింది. చెల్లె గొట్టం తియ్యకుండనే మళ్ళ కండ్లు మూసుకున్నది.